ఇంట చేయు చర్మలేపనములు: జెల్లులను ఉండలు కట్టకుండ చిక్కబరచు విధానము

అంబలి కాచుట ఎరుగని ఇల్లు తాండూరు ప్రాంతపు పల్లెలలో అరుదు. మరుగుచున్న ఎసటిలో పొడి జొన్నపిండిని ఒక్కసారిగా కుమ్మరించినచో ఏమగునో మన ఇల్లాండ్రకు వేరుగ చెప్పనక్కరలేదు. పిండి ఉండలు కట్టును. ఆ ఉండ పైకి ఉడికినట్లే కనబడును. చిదిమి చూచినచో లోపల తెల్లని పొడిపిండి అట్లే యుండును. అందువలననే వారు మొదట పిండిని చన్నీటిలో జారుగా కలిపి, ఆ పిదప ఎసటిలో సన్నని ధారగా పోయుచు గరిటెతో త్రిప్పుచుందురు.

ముఖమునకును చేతులకును పూసికొను జెల్లులను, సీరమ్‌లను ఇంట తయారుచేయుటలో ఎదురగు మొదటి చిక్కు కూడ ఇదియే. చిక్కబరచు పొడి నీటిలో పడగానే ఉండలు కట్టును. అంబలి నేర్పు తెలిసిన చేతికి ఈ పని కష్టము కాదు. కాని ఈ రెంటికిని నడుమ ఒక ముఖ్యమైన భేదము కలదు. ఆ భేదమును తెలిసికొనుట ఈ పాఠములోని మొదటి భాగము. ఉండలు లేని నునుపైన జెల్లు తయారైనంత మాత్రమున అది చర్మమునకు మేలు చేయునని నమ్మరాదనుట రెండవ భాగము. పంచాయతీ సభ్యులు ఈ రెండవ భాగమును మరింత శ్రద్ధతో చదువవలెనని కోరుచున్నాము.

ఈ విషయము పంచాయతీకి ఎందులకు?

నేడు ఇంటింట ఫోను ఉన్నది. కలబందతోను, అవిసె గింజలతోను లేపనములు చేయు విధానములను యువతులు అందులో చూచి ప్రయత్నించుచున్నారు. 2020వ సంవత్సరపు కరోనా కాలమున దేశమందలి అనేక మహిళా సంఘములు మాస్కులను, చేతులు శుభ్రపరచుకొను ద్రవములను తయారుచేసి తమ శక్తిని చూపినవి. అట్టి సంఘములు చర్మలేపనముల తయారీని కూడ ఒక చిన్న పరిశ్రమగా చేపట్టవచ్చునా యని అడుగుట సహజము. ఆ ప్రశ్న మొదట చేరునది పంచాయతీకే. ఒక గది కావలెనందురు. నీటి వసతి కావలెనందురు. ఒక తీర్మానమో, సిఫారసు లేఖయో కావలెనందురు. అడిగినవారికి తగిన సమాధానము చెప్పుటకు సభ్యులకు ఆ పని యొక్క మంచిచెడ్డలు కొంతవరకైనను తెలిసియుండవలెను.

కరణ్‌కోట గ్రామమును ఉదాహరణముగా తీసికొందము. ఇది తాండూరు మండలములోనిది; 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పటి నుండి వికారాబాదు జిల్లాలో చేరియున్నది. భారత సిమెంటు సంస్థ వారి తాండూరు కర్మాగారము కరణ్‌కోటలోనే కలదు. ఈ ప్రాంతమంతయు సున్నపురాతి నేల. తాండూరు బండలు దేశమున దూరప్రాంతములకు కూడ ఎగుమతి యగుచున్నవి. ఇచ్చటి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాతి గనులలోను, బండల నునుపు పెట్టు యంత్రముల యొద్దను, కంది చేలలోను పనిచేయువారి చేతులు ధూళికిని ఎండకును ఆరి, పగుళ్లు వారుట అందరును ఎరిగినదే. చర్మమునందు తేమను పట్టియుంచు లేపనము అట్టివారికి ఉపయోగకరమే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. తడిసిన సిమెంటునకు తీవ్రమైన క్షారగుణము కలదు. దాని వలన కొందరికి చర్మము మండి, దద్దురులు లేచి, పుండ్లు పడుట కలదు. అట్టివారికి కావలసినది వైద్యుని సలహా. ఇంట చేసిన ఏ జెల్లును పుండు మీద పూయరాదు.

ఉండలు ఏల కట్టును?

జెల్లును చిక్కబరచు పొడులలో అధిక భాగము ఒక విధమైన బంకలే. వీని అణువులు పొడవైన దారముల వంటివి. నీటిలో విప్పుకొని, నీటిని తమలో పట్టియుంచి, దానిని చిక్కబరచును. ఈ పొడిని గుప్పెడు నీటిలో వేసినచో, గుంపుగా పడిన రేణువులలో పైనున్నవి క్షణములో నీటిని పీల్చి ఉబ్బి, ఒక జిగురు తొడుగుగా ఏర్పడును. ఆ తొడుగును దాటి నీరు లోనికి పోజాలదు. లోపలి పొడి పొడిగానే యుండిపోవును. ఇదియే ఉండ. పొడి ఎంత మెత్తనిదైన అంత త్వరగా ఉండలు కట్టును.

జొన్నపిండి చన్నీటిలో ఉబ్బదు. వేడికి మాత్రమే ఉబ్బును. అందువలన దానిని చన్నీటిలో ముందుగా జారుగా కలుపుట సాధ్యమగుచున్నది. బంక పొడులు అట్లు కాదు. అవి చన్నీటిలోనే ఉబ్బును. కాబట్టి వీనిని ముందుగా తడుపుటకు నీరు పనికిరాదు. తడిపినను ఉబ్బనీయని మరియొక ద్రవము కావలెను. మందుల దుకాణములలో దొరకు గ్లిజరిన్ అట్టిది. గ్లిజరిన్‌లో బంక పొడిని కలిపినచో రేణువులు ఒకదానినుండి మరియొకటి విడిపోవును, కాని ఉబ్బవు. ఆ మిశ్రమమును నీటిలో పోసినప్పుడు ప్రతి రేణువునకును విడిగా నీరు అందును. అంబలికిని జెల్లునకును గల భేదమిదియే. ఈ ఒక్క సూత్రము మనసున నిలిచినచో తక్కిన విధానమంతయు సులభము.

గ్లిజరిన్ వలన మరియొక లాభము కూడ కలదు. అది తేమను ఆకర్షించి చర్మమునందు నిలుపును. కావున అది కలుపుటకు సాధనము, లేపనములో ముఖ్య ద్రవ్యము కూడ నగుచున్నది.

మన మెరిగిన బంకలు, మన మెరుగని బంకలు

బంకలు మన ప్రజలకు క్రొత్తవి కావు. తపసి చెట్టు నుండి వచ్చు బంకను తెలుగు దేశపు గిరిజనులు తరతరములుగా సేకరించుచున్నారు. 1956లో విశాఖపట్నమున స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ ఈ బంకను కొనుగోలు చేయు అటవీ ఫలసాయములలో ముఖ్యమైనదిగా నిలిపినది. తపసి బంక నీటిలో బాగుగ ఉబ్బును గాని పూర్తిగ కరగదు. దానికి పులిసిన వాసన కొంత యుండును. తుమ్మ జాతి చెట్ల బంక దీనికి భిన్నము. అది నీటిలో చక్కగ కరగును. కాని ఎంతో కలిపినగాని చిక్కబడదు. కాగితము అంటించుటకు మేలైనది జెల్లు చేయుటకు మేలైనది కాకపోవచ్చుననుటకు ఇది నిదర్శనము.

గోకరకాయ, అనగా గోరుచిక్కుడు, మన ప్రాంతమున కూర కొరకు పండించుచున్నారు. రాజస్థానమున దీనినే గింజ కొరకు విస్తారముగ సాగుచేయుదురు. ఆ గింజలోని పప్పు నుండి తీయు పొడియే గ్వార్ గమ్. దీని ఉత్పత్తిలో ప్రపంచమున మన దేశమునకే ప్రథమ స్థానము. ఇది చన్నీటిలో త్వరగ చిక్కబడును. జెల్లు కొంచెము మబ్బుగా నుండును. వెలిగారము తగిలినచో ఇది రబ్బరు వలె గట్టిపడును గనుక ఆ రెంటిని కలుపరాదు.

నేడు లేపనములలో విశేషముగ వాడబడునది జాంథన్ గమ్. క్యాబేజీ పంటకు నల్లకుళ్ళు తెగులు తెచ్చు సూక్ష్మజీవిని చక్కెర నీటిలో పెంచగా అది విడుచు బంక యిది. అమెరికా వ్యవసాయ శాఖ వారి పియోరియా ప్రయోగశాలలో 1950వ దశకమున అలీన్ జీన్స్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు చేసిన పరిశోధనల ఫలితముగ ఇది వెలుగులోనికి వచ్చినది. పంటకు శత్రువైన జీవి నుండి ఉపయోగకరమైన వస్తువును రాబట్టుట శాస్త్రవిజ్ఞానము యొక్క ప్రయోజనమునకు మంచి ఉదాహరణము. జాంథన్ గమ్ చల్లని నీటను, వేడి నీటను కూడ చిక్కబడును. నీటిలో కొంత ఉప్పు ఉన్నను చెడదు. క్రొత్తగ నేర్చుకొనువారికి ఇదియే తగినది.

పట్టణపు దుకాణములలో అమ్ము అద్దము వంటి తేట జెల్లులలో కార్బోమర్ అను పదార్థము వాడుదురు. దానిని నీటిలో నానబెట్టి, పిదప క్షారమును చుక్కచుక్కగా చేర్చిన గాని చిక్కబడదు. నీటిలోని లవణములు దానిని పలుచన చేయును. క్షారముతో పని గనుక ఇంటి వంటగదిలో దీని జోలికి పోకుండుట మంచిది.

అవిసె గింజలను నీటిలో మరిగించి, వేడిగా నున్నప్పుడే పలుచని గుడ్డలో వడకట్టినచో జిగురు దిగును. చల్లారిన పిదప వడకట్ట జూచినచో గుడ్డలోనుండి దిగదు. ఇది వెండ్రుకలకు పూసికొనుటకు బాగుండును. కలబంద గుజ్జులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే. మట్టను కోసి నిలువుగా నుంచి, తోలు క్రిందనుండి కారు పసుపుపచ్చని రసమును పూర్తిగ పోనీయవలెను. ఆ రసము చర్మమునకు మంట కలిగించును. ఈ రెండును అప్పటికప్పుడు వాడదగినవే కాని నిలువ చేయదగినవి కావు. ఫ్రిజ్‌లో నుంచినను కొలది దినములలోనే వాడి, మిగిలినది పారవేయవలెను.

కలుపు విధానము

100 గ్రాముల జెల్లునకు కావలసిన వస్తువులు ఇవి:

డిస్టిల్డ్ వాటరు: 93.5 గ్రాములు
గ్లిజరిన్: 5 గ్రాములు
జాంథన్ గమ్: 0.5 గ్రాము
నిలువ పదార్థము (ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్ గ్లిజరిన్ కలిసిన మిశ్రమము): 1 గ్రాము

సీరమ్ వలె జారుగా కావలెనన్నచో గమ్‌ను 0.2 లేక 0.3 గ్రామునకు తగ్గించి, ఆ మేరకు నీటిని పెంచవలెను. గట్టిగా కావలెనని 1 గ్రాము దాటించినచో జెల్లు బెండకాయ జిగురు వలె సాగి, చర్మము మీద అంటుకొనును.

1. పాత్రలను, గరిటెలను, సీసాలను సబ్బుతో కడిగి, మరుగునీట శుభ్రపరచి పూర్తిగ ఆరనీయవలెను. చేతులు కడిగికొని, వెండ్రుకలు పడకుండ తలకు గుడ్డ కట్టుకొనవలెను. స్టీలు లేక గాజు పాత్రలను వాడవలెను. చల్ల చిలుకు కొయ్య కవ్వము పనికిరాదు; కొయ్య రంధ్రములలో తేమయు, సూక్ష్మజీవులును దాగియుండును.

2. ప్రతి వస్తువును తూచవలెను, చెంచాలతో కొలువరాదు. అర గ్రాము తూచుటకు కూరగాయల త్రాసు చాలదు. కంసాలి వాడునట్టి సున్నితపు త్రాసు కావలెను. 50 గ్రాముల సీసాలు ఇరువది నింపుటకు కావలసిన గమ్ మొత్తము 5 గ్రాములు మాత్రమే. తూకములో 5 గ్రాములు హెచ్చినచో ఇరువది సీసాలును జిగటగా మారును.

3. తడి లేని చిన్న గిన్నెలో గమ్ పొడిని ఉంచి, దాని మీద గ్లిజరిన్ పోసి, పలుచని గంధము వలె అగువరకు కలుపవలెను. పొడి ఉండలు ఈ దశలోనే చిదుగవలెను. గిన్నెలో ఒక్క నీటిచుక్క ఉన్నను అచ్చటనే ఉండ కట్టును.

4. ఆలస్యము చేయక ఈ మిశ్రమమును నీటిలో సన్నని ధారగా పోయుచు, రెండవ చేతితో నీటిని ఆపక త్రిప్పవలెను. ఇద్దరు కలిసి చేసినచో ఈ పని సులభము: ఒకరు పోయుట, ఒకరు త్రిప్పుట.

5. మొదటి అయిదు నిమిషములలో జెల్లు పలుచగా కనబడును. ఇచ్చటనే పలువురు పొరబడి మరికొంత పొడి చల్లుదురు. పొడి ఉబ్బుటకు వ్యవధి కావలెను. మూత పెట్టి అరగంట ఉంచి, మరల త్రిప్పి చూచిన పిదపనే చిక్కదనమును నిర్ణయింపవలెను.

6. చిక్కబడిన పిదప నిలువ పదార్థమును చేర్చి బాగుగ కలుపవలెను.

7. మూతపెట్టి ఒక రాత్రి కదల్పక ఉంచినచో, త్రిప్పునప్పుడు చేరిన గాలి బుడగలలో పెక్కు పైకి తేలి పోవును. మరునాడు సీసాలలో నింపవలెను.

గ్లిజరిన్ లేనప్పుడు పొడిని నీటిలో నేరుగా చల్లుట కూడ కలదు. అప్పుడు నీటిని సుడి తిరుగునట్లు త్రిప్పుచు, ముగ్గు పిండిని వ్రేళ్ల సందున విడుచునట్లు కొంచెము కొంచెముగా పొడిని రాల్చవలెను. ఈ విధానమునకు నేర్పును, ఓర్పును అధికముగ కావలెను.

ఉండలు కట్టినచో

ఉండలు కట్టిన జెల్లును వెంటనే పారవేయనక్కరలేదు. మూతపెట్టి కొన్ని గంటలు ఉంచినచో చిన్న ఉండలు తమంత తామే నీటిని పీల్చుకొని కరగును. మిగిలిన వానిని మరుగునీట శుభ్రపరచిన స్టీలు జల్లెడలో గరిటె వెనుక భాగముతో నొక్కి దింపవచ్చును. కరెంటుతో నడచు చేతి బ్లెండరును వాడినచో దాని తల పూర్తిగ మునిగియుండునట్లు పట్టి, కొలది సెకనులు మాత్రమే త్రిప్పవలెను. ఎక్కువ త్రిప్పిన కొలది గాలి బుడగలు చేరును. వీటిని పోగొట్టుట ఉండలను పోగొట్టుట కంటె కష్టము. ఉండలు పోవునను ఆశతో మరల పొడి చేర్చుట ఎన్నడును చేయరాదు.

నీటి విషయము

సున్నపురాతి నేలలోని బావి నీరు, బోరు నీరు సాధారణముగ కఠినజలము. సబ్బు సరిగా నురుగు రాకపోవుట, ఎసరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టుట దాని గుర్తులు. ఈ నీటిలోని సున్నపు లవణములు కొన్ని జెల్లులను పలుచన చేయును. కొన్నిటిలో మబ్బు తెచ్చును. మరిగించినందువలన సూక్ష్మజీవులు చచ్చును, కఠినత్వములో కొంత భాగము తెల్లని పొరగా విడిపోవును. కాని లవణములన్నియు పోవు. జాంథన్ గమ్ లవణములను సహించును గనుక ఈ నీటితో చేసినను చిక్కబడవచ్చును. ఐనను ప్రతిసారి ఒకే గుణము రావలెనన్నచో డిస్టిల్డ్ వాటరునే వాడవలెను. కుళాయి నీరు త్రాగుటకు యోగ్యమైనంత మాత్రమున నెలల తరబడి సీసాలో నిలువ ఉంచుటకు యోగ్యమని భావింపరాదు.

కంటికి కనబడని చెడుగు

ఉండ కంటికి కనబడును. చేతికి తగులును. దాని వలన కలుగు నష్టము కొలది రూపాయలు. కాని నునుపుగా, తేటగా, మంచి వాసనతో నున్న జెల్లులో సూక్ష్మజీవులు పెరుగుచుండుట కంటికి కనబడదు. నీరు కలిసిన ఏ లేపనమైనను, నిలువ పదార్థము లేనిచో, కొలది దినములలో సూక్ష్మజీవులకును బూజునకును నిలయమగును. చిక్కబరచు బంకయే వానికి ఆహారము. అట్టి జెల్లు పగిలిన చర్మము మీదను, కంటి దగ్గరను పూసికొన్నచో చీము పట్టుటయో, కన్ను చెడుటయో సంభవింపవచ్చును. మంచి జెల్లు హఠాత్తుగా పలుచబడుట, రంగు మారుట, వాసన మారుట చెడినదనుటకు గుర్తులు. కాని ఈ గుర్తులు కనబడుటకు ముందే అది చెడియుండవచ్చును.

వేప, పసుపు, తేనె కలిపితిమి గనుక చెడదని కొందరు వాదింతురు. ఇది సరియైన భావము కాదు. ఇంట కలుపు మోతాదులో అవి జెల్లును కాపాడజాలవు. పైగా ఆకు పసరు, పొడులు సూక్ష్మజీవులకు మరింత ఆహారమగును. విటమిన్ ఇ నూనెలు కనరు వాసన పట్టకుండ ఆపునే కాని సూక్ష్మజీవులను ఆపదు. ఫినాక్సీఇథనాల్ వంటి అంగీకృతమైన నిలువ పదార్థమును నూటికి ఒక పాలు మించకుండ వాడవలెను. తక్కువైనచో కాపాడదు, హెచ్చైనచో చర్మమునకు మంట. తూకము యొక్క అవసరము ఇచ్చట మరల స్పష్టమగుచున్నది.

నిమ్మరసము ముఖమునకు మంచిదను నమ్మకము కూడ విడువదగినది. అది చర్మమునకు మంట పుట్టించును. నిమ్మరసము అంటిన చర్మముపై ఎండ సోకినచో బొబ్బలు లేచి, నల్లని మచ్చలు ఏర్పడవచ్చును. చేలలో పనిచేయువారికి ఇది మిక్కిలి హాని. సుగంధ తైలములు నీటి జెల్లులో కరగవు. పైకి తేలి చర్మమును బాధించును. లేపనములో వస్తువులెంత తక్కువైన అంత క్షేమము.

క్రొత్తగ చేసిన జెల్లును ఎవరైనను ముందుగా మోచేతి లోపలి భాగమున కొంచెము పూసి, రెండు దినములు చూడవలెను. దురద, ఎరుపు, మంట లేనిచో మాత్రమే వాడవలెను. పసిబిడ్డలకు దీనిని పూయరాదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

తన ఇంట తన కొరకు జెల్లు చేసికొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని అమ్మకమునకు గాని, నలుగురికి పంచుటకు గాని తయారుచేయుట వేరు విషయము. 1940వ సంవత్సరపు ఔషధముల, సౌందర్యసాధనముల చట్టము ననుసరించియు, 2020వ సంవత్సరపు సౌందర్యసాధనముల నియమముల ననుసరించియు అట్టి తయారీకి లైసెన్సు పొందవలెను. మన రాష్ట్రమున లైసెన్సు నిచ్చునది ఔషధ నియంత్రణ విభాగము. తయారుచేయు స్థలము, పరికరములు, పనివారి అర్హత వారు పరిశీలింతురు. సీసా మీద తయారీదారుని పేరు, చిరునామా, కలిపిన వస్తువులు, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడవలెనో, లైసెన్సు సంఖ్య ముద్రింపవలెను.

మరియొక సంగతి. మొటిమలను మాన్పును, తామరను పోగొట్టును అని చెప్పి అమ్మినచో ఆ వస్తువు సౌందర్యసాధనము కాక ఔషధమగును. దాని నియమములు ఇంకను కఠినము. తెలియక వ్రాసిన ఒక్క మాట సంఘము మీదికి కేసును తేగలదు. ఇంటి సరుకే గదా యని, సంతలో అమ్మినంత మాత్రమున ఏమగునని ఎవరును ఉపేక్షింపరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

సంఘమువారు అడిగినప్పుడు వెంటనే కాదనుటయు, వెంటనే ఔననుటయు రెండును పొరపాటే. మొదట ఇంటి వాడుక మేరకు నేర్చుకొనుటకు ప్రోత్సహింపవలెను. పంచాయతీ గాని, గ్రామ సమాఖ్య గాని ఒక సున్నితపు త్రాసును సమకూర్చినచో పది సంఘములు దానిని వాడుకొనవచ్చును. ఒక నోటు పుస్తకమును పెట్టి, ప్రతి తయారీకిని తేదీ, తూకములు, నీరు ఎచ్చటిది, చేసినవారెవరు అను వివరములు వ్రాయించవలెను. ప్రతిసారి ఒక సీసాను మచ్చుగా దాచి, వారమున కొకమారు పరిశీలింపవలెను. తప్పు ఎచ్చట జరిగినదో ఆ పుస్తకమే చెప్పును.

ఆరోగ్య ఉపకేంద్రపు సిబ్బందిని పిలిపించి, చర్మవ్యాధుల గుర్తులను గూర్చియు, సిమెంటు, రాతి ధూళి వలన కలుగు బాధలను గూర్చియు ఒక సాయంత్రము మాట్లాడించవలెను. ఏది లేపనముతో తగ్గును, ఏది వైద్యునికి చూపవలెనను విచక్షణ ఏ జెల్లు కంటెను గొప్ప మేలు.

అమ్మకము వరకు పోవలెనను పట్టుదల సంఘమునకు నిజముగ ఉన్నచో, పెట్టుబడి పెట్టుటకు ముందే ఔషధ నియంత్రణ అధికారులను కలిసి నియమములను తెలిసికొనునట్లు చూడవలెను. లైసెన్సు గల తయారీదారుతో కలిసి పనిచేయుట సాధ్యమా యని విచారింపవచ్చును. హైదరాబాదు సమీపమున రాజేంద్రనగరములోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థలో గ్రామీణ సాంకేతిక పార్కు కలదు; గ్రామమునకు తగిన చిన్న పరిశ్రమలను గూర్చి అచ్చట విచారింపవచ్చును. ఒకవేళ లైసెన్సునకు తగిన గది, నీరు, పనివారు సమకూరరని తేలినచో, ఆ మాట ముందుగనే నిర్మొగమాటముగ చెప్పుట సంఘమునకు చేయు ఉపకారమే. పొదుపు చేసిన సొమ్ము సీసాలలో పోసి, అవి చెడి, పొరుగింటి యువతి ముఖము మీద దద్దురులు లేచిన పిదప చేయు విచారము వలన ప్రయోజనము లేదు.

అంబలి ఉండలు కట్టకుండ కాచు నేర్పు మన తల్లులకు ఏ పాఠశాలయు నేర్పలేదు. చూచి, చేసి, తెలిసికొనిరి. జెల్లు నునుపుగా తీయు నేర్పు కూడ నాలుగు మారులు చేసినచో చేతికి వచ్చును. తూకము, శుభ్రత, నిలువ పదార్థము, చట్టము అను నాలుగు విషయములు మాత్రము చేతికి వాటంతట రావు. వానిని పట్టుబట్టి పాటించవలెను. అట్లు పాటించునట్లు చూచుట గ్రామపెద్దలుగా మీ బాధ్యత.

గ్రామసభలో చర్చించుటకు ప్రశ్నలు

1. జొన్నపిండిని చన్నీటిలో ముందుగా కలుపవచ్చును గాని, బంక పొడిని కలుపరాదు. ఏల?
2. జెల్లు పలుచగా కనబడినప్పుడు వెంటనే మరికొంత పొడి చల్లినచో ఏమగును?
3. మీ గ్రామపు నీరు కఠినజలమా? గుర్తులేవి?
4. వేపాకు కలిపిన జెల్లును నెల దినములు నిలువ ఉంచవచ్చునా?
5. మీ గ్రామపు మహిళా సంఘము ఈ జెల్లును సంతలో అమ్మదలచినచో, పంచాయతీ వారికి చెప్పవలసిన మొదటి మాట ఏది?